30 అంటే 30 ఏమిటి?

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదివితే నాకిచ్చిన నలభై నిమిషాల్లో పది అక్కడే పోతాయి, పైగా ఎవరో ఒకరి పేరు మర్చిపోయి మాట పడాలి. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఏప్రిల్ నెలలో విజయవాడలో శాలువాతో నిలబడటం కూడా ఒక రకం లోడ్ టెస్టింగే. తీసి కుర్చీ మీద పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

హెచ్ఓడీ గారు ఇచ్చిన టాపిక్ 'సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు కాన్ఫిగరేషన్, మెటాడేటా సర్వీసు డిజైన్ చేయడం'. స్లైడ్లు 32 చేసుకొచ్చాను. ఎన్ని చూపిస్తానో నాకే తెలీదు.

మీ ఫైనలియర్ ప్రాజెక్టులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఎక్కడ రాశారు? చేతులెత్తక్కర్లేదు, ఆ నవ్వుల్లోనే తెలిసిపోయింది. ప్రోగ్రాము మధ్యలోనే రాసి ఉంటారు. ఒక్క ల్యాప్‌టాప్ మీద నడిచినంతకాలం దానివల్ల ఏ గొడవా లేదు. అదే ప్రోగ్రాము మూడు వందల సర్వర్ల మీద నడుస్తుంటే? డేటాబేస్ అడ్రస్ మారింది. మూడు వందల చోట్ల మార్చాలి. 299 చోట్ల మార్చి ఒక్కటి మర్చిపోతే ఏమవుతుంది?

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు సరిగ్గా అదే జరిగింది. వాళ్లవి ఎనిమిది సర్వర్లు. కొత్త ప్రోగ్రాము ఏడింటి మీదకే వెళ్లింది, ఎనిమిదో దాంట్లో పాతదే ఉండిపోయింది. పైగా ఎప్పుడో వాడటం మానేసిన ఒక స్విచ్చిని కొత్త పనికి మళ్లీ వాడుకున్నారు. పొద్దున మార్కెట్ తెరిచి స్విచ్ వేస్తే ఏడు సర్వర్లు కొత్త పని చేశాయి, ఎనిమిదోది మాత్రం ఏళ్ల కిందటి పాత కోడ్‌ని నిద్రలేపి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

అందుకే ఈ విలువలన్నిటికీ ఒక ఇల్లు కావాలి. ఏ డేటాబేస్, ఎంతసేపు ఆగాలి, ఏ స్విచ్ ఆన్‌లో ఉంది, ఇదంతా కాన్ఫిగరేషన్. ఏ సర్వర్ బతికుంది, ఏ ముక్క డేటా ఎవరి దగ్గరుంది, గుంపుకి లీడర్ ఎవరు, ఇది మెటాడేటా. రెండూ పరిమాణంలో చిన్నవే, కానీ తప్పయితే కొంప మునిగేది వీటితోనే. గూగుల్ వాళ్లు ఇలాంటి ఇల్లే 'చబ్బీ' అని ఒకటి కట్టుకుని 2006లో దాని మీద పేపర్ రాశారు. యాహూలో 'జూకీపర్' పుట్టింది. 2013లో 'ఎట్‌సీడీ' వచ్చింది. ఈ రోజు, చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములను పంచి నడిపించే కుబెర్నెటిస్ ఉన్న చోట దాని జ్ఞాపకశక్తి అంతా సాధారణంగా ఎట్‌సీడీలోనే ఉంటుంది. దీన్ని పెద్ద డేటాబేస్ అనుకుని ఫొటోలు, లాగ్ ఫైళ్లు తోసేయకండి. జూకీపర్ మామూలుగా ఒక్కో గడిలో ఒక ఎంబీ మించి పట్టనివ్వదు. ఎట్‌సీడీకి మొత్తం కలిపి మామూలుగా ఇచ్చే హద్దు 2 జీబీ. మీ ఫోన్లో వాట్సాప్ ఇంతకంటే ఎక్కువ తింటుంది.

దీన్ని ఒక్క మెషీన్ మీద పెడితే అది పోయిన రోజు అన్నీ పోతాయి. కాబట్టి మూడో ఐదో పెట్టి, సగానికంటే ఎక్కువమంది ఒప్పుకుంటేనే ఏ మార్పయినా రాస్తారు. మూడింట్లో ఒకటి పోయినా నడుస్తుంది, ఐదింట్లో రెండు పోయినా నడుస్తుంది. నాలుగు పెడితే? మూడు ఒప్పుకోవాలి, అంటే ఒక్కటి పోతేనే తట్టుకుంటుంది. మూడింటితో వచ్చే లాభమే, నాలుగోదాని కరెంటు బిల్లు దండగ. ఇంటర్వ్యూలో అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

లీడర్ సంగతి చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. స్లైడ్లలో లేదు, ఐనా చెప్తాను.

నాన్న స్టేషన్ మాస్టరు. పల్నాడులో ఒక చిన్న స్టేషను, ఒంటి లైను. ఎదురెదురుగా రెండు రైళ్లు ఒకే పట్టాల మీదకి రాకూడదు. అందుకు ఆయన గదిలో ఒక ఇనప పెట్టె ఉండేది, టోకెన్ ఇన్‌స్ట్రుమెంట్. అలాంటిదే పక్క స్టేషన్లో ఇంకొకటి. రెంటినీ వైరు కలుపుతుంది. ఒక పెట్టెలోంచి ఇనప బంతి ఒకటి బయటికొస్తే, అది మళ్లీ ఏదో ఒక పెట్టెలోకి చేరేదాకా రెండు పెట్టెల్లోంచీ ఇంకో బంతి రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద పేము రింగుకి కట్టి ఇచ్చేవారు. బండి ఆగకుండా వెళ్తుంటే ఇంజన్లోంచి చెయ్యి చాపి ఆ రింగుని భుజానికి తగిలించుకుని పోయేవాళ్లు. చిన్నప్పుడు నాకది సర్కస్ కంటే గొప్ప.

చేతిలో బంతి ఉన్నవాడిదే లైను. మనం డిస్ట్రిబ్యూటెడ్ లాక్ అంటున్నది ఇదే. కానీ తేడా ఒకటుంది, చూడండి. డ్రైవరు టోకెన్ పట్టుకుని మధ్యలో బండి ఆపేశాడనుకోండి, లైను మొత్తం ఆగిపోతుంది. రైల్వే అందుకు ఒప్పుకుంటుంది. మన సర్వర్లు ఆగడానికి వీల్లేదు కదా, అందుకని లాక్‌కి గడువు పెట్టాం. పది సెకన్లలో నువ్వు పలక్కపోతే లాక్ ఇంకొకరికి ఇచ్చేస్తాను అని. ఇక్కడే దయ్యం దూరుతుంది. మొదటి సర్వర్ చచ్చిపోలేదు, మెమరీ శుభ్రం చేసుకుంటూ ఇరవై సెకన్లు కునుకు తీసింది. ఈలోగా లాక్ రెండోదానికి వెళ్లింది. మొదటిది లేచి, నేనే లీడర్‌ని అనుకుని డేటా రాసేస్తుంది. నిద్రపోయే డ్రైవర్ చేతిలోంచి బంతిని నెట్‌వర్క్ లాక్కోలేదు! మరేం చేయాలి? లాక్ ఇచ్చిన ప్రతిసారీ ఒక నంబరు పెంచుతూ ఇవ్వాలి. 33వ నంబరు వాడు, 34వ నంబరు వాడు. డేటా ఉంచే చోట 34ని ఒకసారి చూశాక 33 వస్తే తిప్పి పంపేయాలి. లాక్ పెట్టగానే పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు. నేనూ ఒకసారి మర్చిపోయాను, కానీ ఈ రోజు చెప్పాల్సిన తప్పు అది కాదు.

నాన్న దగ్గర ఇంకో అలవాటుండేది. గేటు వేశాను సార్ అని గేట్‌మాన్ ఫోన్లో చెబితే సరే అనేవారు కాదు. 'నంబరు చెప్పు' అనేవారు. ప్రైవేట్ నంబర్ల కాగితం ఒకటి వాళ్ల దగ్గరుంటుంది, అందులోంచి తర్వాతి నంబరు చదివి, దాన్ని కొట్టేయాలి. ఆ నంబరు నాన్న రిజిస్టర్లో టైముతో సహా పడాలి. రిజిస్టర్లో తప్పు రాస్తే రబ్బరుతో చెరపడం, దిద్దడం ఉండదు. కింద రాసింది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం. మనం ఇప్పుడు ఆడిట్ లాగ్ అని పేరు పెట్టి కొనుక్కుంటున్నదాన్ని ఆయన మూడు రూపాయల పెన్నుతో నడిపారు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలనే ఈ పిలుపుకి ఒప్పుకున్నాను.

2014. అప్పుడు నేను పనిచేసిన కంపెనీ పేరు చెప్పను. కరెంటు బిల్లులు, ఫోన్ బిల్లులు కట్టించుకునే సాఫ్ట్‌వేర్. 310 సర్వర్లు. వాటికి కాన్ఫిగరేషన్ సర్వీసు డిజైన్ చేసింది నేనే. వెనక జూకీపర్, ముందు నేను గీసిన స్క్రీన్. ఒక విలువ మార్చి సేవ్ నొక్కితే నాలుగు సెకన్లలో 310 సర్వర్లకీ చేరేది. ఆ నాలుగు సెకన్ల గురించి ప్రతి మీటింగ్‌లో చెప్పుకున్నాను. మావారికి కూడా చెప్పాను, పాపం.

ఒక రాత్రి డేటాబేస్ నెమ్మదించింది. నైట్ షిఫ్ట్‌లో ఒక కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. టికెట్‌లో, అంటే పని చెప్పే చీటీలో, 'డీబీ టైమౌట్ 30 పెట్టండి' అని ఉంది. డేటాబేస్ జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే హద్దు అది. స్క్రీన్ తెరిచాడు. 'డీబీ టైమౌట్' అని ఒక గడి, అందులో ఏమీ లేదు, ఖాళీ. ఖాళీగా ఉంటే ప్రోగ్రాము తన సొంత విలువ వాడుకుంటుందని నాకు తెలుసు, అతనికి ఎవరూ చెప్పలేదు. 30 కొట్టాడు. సేవ్ నొక్కాడు.

30 అంటే 30 ఏమిటి? పాత ఫైళ్లలో అది సెకన్లు. నా స్క్రీన్ వెనకున్న కొత్త లైబ్రరీలో, అంటే రెడీమేడ్ కోడ్‌లో, మిల్లీసెకన్లు. డేటాబేస్ జవాబివ్వడానికి మామూలుగానే ఎనభై మిల్లీసెకన్లు పట్టేది. అంటే ప్రతి సర్వరూ జవాబొచ్చేలోపే ఫోన్ పెట్టేసి మళ్లీ చేస్తోంది. 310 సర్వర్లూ. నాలుగు సెకన్లలో.

అతనేం చేశాడో తెలుసా? టైము చాలట్లేదు కాబోలనుకుని 60 చేశాడు. తర్వాత 90 చేశాడు. తొంభైకి సగం బిల్లులు కదిలాయి, దాంతో తను సరైన దారిలోనే ఉన్నాననుకున్నాడు. ఆ కుర్రాడి బుర్ర సరిగ్గానే పనిచేసింది. తప్పు చెప్పింది నా గడి. గంటా యాభై నిమిషాలు ఇదే తంతు.

మర్నాడు మీటింగ్. రిపోర్టులో కారణం అన్నచోట 'మానవ తప్పిదం' అని రాశారు. ఆ వారంలోనే అతన్ని రాజీనామా ఇమ్మన్నారు. గది మొత్తం మీద గడి పక్కన యూనిట్ ఎందుకు లేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. డిజైన్ చేసేటప్పుడు తోటి ఇంజనీర్ ఒకాయన అడిగారు కూడా, 'సెకన్లని రాద్దామా?' అని. కాలమ్ వెడల్పు చాలట్లేదు, అందరికీ తెలిసిందేగా అన్నాను. మార్పు ఎందుకు చేస్తున్నారో రాసే గడి కూడా మొదట పెట్టి, నైట్ షిఫ్ట్ వాళ్లు విసుక్కుంటున్నారని తీసేశాను. ఆ మీటింగ్‌లో మంచినీళ్ల సీసా మీది లేబుల్ చదువుతూ కూర్చున్నాను. నోరు తెరవలేదు.

(నీళ్లు ఇవ్వమ్మా. థాంక్స్.)

ఇలాంటివి చిన్న కంపెనీల్లోనే జరుగుతాయనుకోకండి. 2024 జులై 19 గుర్తుందా? శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఆ ఫొటో దేశమంతా తిరిగింది. కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ ఆ రోజు పంపింది కొత్త ప్రోగ్రాము కూడా కాదు, ఒక కాన్ఫిగరేషన్ ఫైలు. అది 21వ గడి చదవమంది, ప్రోగ్రాము చేతిలో ఉన్నవి 20. వాళ్లు 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, ఐనా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అప్పటికే 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్‌లో ఖాళీ గడులున్న ఒక పాలసీ సెకన్లలో ప్రపంచమంతా చేరింది, చేరినచోటల్లా సర్వీసు కూలింది. ఆ వార్తలో 'సెకన్లలో' అన్న మాట చదివి నా నాలుగు సెకన్లు గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

హెచ్ఓడీ గారు వాచీ చూసుకుంటున్నారు. మిగతా స్లైడ్లు పరుగున తిప్పేస్తాను.

ప్రతి విలువకీ రకం, యూనిట్, కింది హద్దు, పై హద్దు ఉండాలి. డేటాబేస్ టైమౌట్ 500 మిల్లీసెకన్ల కన్నా తక్కువ కొడితే సర్వీసే ఒప్పుకోకూడదు. పాత విలువ, ఖాళీ ఐతే అసలు వాడుతున్న విలువ, స్క్రీన్ మీద కనపడాలి. వెనక్కి వెళ్లడానికి ఒకటే బటన్. మార్పు ముందు ఒక సర్వర్‌కి, కాసేపు చూసి పదింటికి, తర్వాత మిగతావాటికి. చేర్చామని మనం అనుకోవడం కాదు, ఏ సర్వర్ ఏ వెర్షన్ మీద ఉందో అదే తిరిగి చెప్పాలి. గేట్‌మాన్ నంబరులాగా.

ఇంకోటి. కాన్ఫిగరేషన్ సర్వీసు పడిపోయినా సర్వర్లు బతకాలి, చివరిసారి పనిచేసిన కాపీని సొంత డిస్క్ మీద దాచుకుని. గూగుల్‌లో చబ్బీ ఎప్పుడూ పడిపోదని అందరూ దాని మీద వాలిపోతుంటే, వాళ్లే కావాలని అప్పుడప్పుడూ ఆపేవాళ్లు, ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడుతున్నారో లేదో చూడటానికి. అలా చూసుకోకపోతే ఏమవుతుందంటే, 2021 అక్టోబర్లో రోబ్లాక్స్ ఆటలు 73 గంటలు ఆగిపోయాయి. ఇబ్బంది వచ్చింది 'కాన్సల్' అనే ఇలాంటి సర్వీసులోనే. ఏం జరుగుతోందో చూపించాల్సిన మానిటరింగ్ కూడా ఆ కాన్సల్ మీదే ఆధారపడి ఉంది. ఇల్లు తగలబడుతుంటే నీళ్ల మోటారు స్విచ్ ఆ ఇంట్లోనే ఉన్నట్టు.

'ఎందుకు' అనే గడి సంగతి. మళ్లీ పెట్టాం. జనం చుక్క పెట్టి పోతున్నారు. కనీసం ఇరవై అక్షరాలు ఉండాలంటే ఇరవై చుక్కలు. దీనికి నా దగ్గర ఇంకా మందు లేదు, మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

రెండేళ్ల కిందట భీమవరంలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో ఎదురుగా ఆ కుర్రాడు. కుర్రాడేమిటి, ఇద్దరు పిల్లల తండ్రి ఇప్పుడు. తనే పలకరించాడు, 'బాగున్నారా మేడమ్' అని. పక్కనున్నవాళ్లు లేచాక మెల్లిగా అడిగాడు, 'మేడమ్, ఆ గడి పక్కన యూనిట్ పెట్టారా?'

'పెట్టాం బాబూ' అన్నాను.

'ఎప్పుడు పెట్టారు?'

'మీటింగ్ అయిన సాయంత్రమే.'

అతను విస్తరిలో పెరుగన్నం కలుపుకుంటూ, 'ఆ వారం రోజులూ నేను ఆఫీసులోనే ఉన్నాను మేడమ్' అన్నాడు.

ప్రశ్నలుంటే అడగండి.