సముద్రపు వెలుగుకూ ఋతువులుంటాయి

మిత్రులారా, నమస్కారం.

రాత్రివేళ సముద్రం నీలంగా మెరిస్తే ఆ నీటిలో ప్లవకాలు, అంటే నీటి ప్రవాహంతో కొట్టుకుపోయే చిన్న జీవులు, విపరీతంగా పెరిగాయని అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. ఎన్ని ఉన్నాయన్నదొక్కటే చాలదు, ఏవి ఉన్నాయన్నది చూడాలి. ఋతువు మార్చేది ముఖ్యంగా దానినే.

సమశీతోష్ణ సముద్రాల సంగతి చూడండి. శీతాకాలపు గాలులు లోతుల్లోని నైట్రేట్లను, ఫాస్ఫేట్లను పైకి తెస్తాయి. వసంతంలో ఎండ తగలగానే డయాటంలు అనే ఏకకణ శైవలాలు విజృంభిస్తాయి. నీరంతా జీవంతో నిండిపోతుంది, కానీ డయాటంలు వెలగవు! వేసవిలో పైనీరు వేడెక్కి తేలికవుతుంది, అడుగునీటితో కలవదు. పైన పోషకాలు అడుగంటుతాయి. అప్పుడు కశాభాలతో, అంటే కొరడాల్లాంటి పోగులతో, ఈదుతూ కిందికీ పైకీ తిరగగల డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణజీవులకు అదను దొరుకుతుంది. వీటిలో చాలా జాతులు వెలుగుతాయి. చాలా తీరాల్లో వేసవిలోనో శరత్తు మొదట్లోనో అలలు మెరిసేది అందుకే. చలి ముదిరితే వాటిలో కొన్ని జాతులు గట్టి పెంకు గల సిస్టులుగా మారి అడుగు బురదలో నిద్రపోతాయి.

లింగులోడినియం అనే డైనోఫ్లాజెల్లేట్‌ను తీసుకుందాం. నీరు కదిలి కణత్వచం ఒత్తిడికి లోనైతే, లోపలి సూక్ష్మ సంచుల్లోకి ప్రోటాన్లు దూకుతాయి. అక్కడ ఆమ్లత పెరిగి, వెలుగుకు మూలమైన లూసిఫెరిన్ అనే పదార్థాన్ని పట్టి ఉంచిన ప్రోటీన్ పట్టు సడలుతుంది. లూసిఫెరేజ్ అనే ఎంజైము దానిని ఆక్సిజన్‌తో కలుపుతుంది. సెకనులో పదో వంతు మెరుపు, అంతే. తెల్లవారితే ఆ సంచులు చాలావరకు విచ్ఛిన్నమవుతాయి, రాత్రికి మళ్లీ తయారవుతాయి. ఎంత అద్భుతమైన పొదుపు! మసక వెలుతురులోనే రోజుల తరబడి ఉంచినా ఆ లయ ఆగదు.

అన్ని సముద్రాలకూ ఒకే పంచాంగం లేదు. అరేబియా సముద్రపు ఉత్తర భాగంలో ఈశాన్య ఋతుపవనాల చల్లగాలి పైనీటిని అడుగునీటితో కలిపి పోషకాలను పైకి తెస్తుంది. శీతాకాలం చివర, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అక్కడ నాక్టిలూకా అనే వెలిగే డైనోఫ్లాజెల్లేట్ విరివిగా పెరుగుతుంది. ఆర్కిటిక్‌లోనైతే సూర్యుడే కనిపించని ధ్రువరాత్రిలో మెట్రిడియా లాంగా అనే కోపెపాడ్ (రొయ్యల బంధువైన చిన్న జీవి) వెలుగుతుంది.

ఇంకో చిక్కుంది. వేటాడి బతికే ప్రోటోపెరిడినియం అనే డైనోఫ్లాజెల్లేట్ ఆకలితో ఉంటే దాని వెలుగు మసకబారుతుంది. కిరణజన్య సంయోగక్రియపై ఆధారపడిన కొన్ని జాతులకు, పగలు మబ్బు పడితే రాత్రి కాంతి తగ్గుతుంది. అంటే సంఖ్య మారకపోయినా వెలుగు మారవచ్చు.

అందుకే యువ పరిశోధకులకు నా విన్నపం: నెలనెలా కొలిచేటప్పుడు పొద్దుగుంకిన తర్వాత ఎంతసేపటికి కొలిచారో రాయండి, ప్రతిసారీ అంతే వ్యవధి పాటించండి. కాంతి కొలిచిన నీటినే ఒక సీసాలో పట్టి, సూక్ష్మదర్శిని కింద జాతులను లెక్కించండి.