ఎగ్ పఫ్ ఇంట్లో చేద్దాం: పొరలు పొంగేది బటర్ చల్లగా ఉంటేనే

[దృశ్యం: బేకరీ గాజు పెట్టె. లోపల పసుపు బల్బు, కింద ట్రేలో వరసగా పఫ్‌లు]

సాయంత్రం అయిదింటికి మన ఊళ్లలో ఏ బేకరీ ముందు నిలబడినా ఈ గాజు పెట్టె కనిపిస్తుంది. లోపల బల్బు వెలుగుతూ ఉంటుంది, ట్రేలో ఒక పక్క ఎగ్ పఫ్‌లు, ఇంకో పక్క కర్రీ పఫ్‌లు. కాగితం ముక్కలో పెట్టి చేతికిస్తారు. కొరకగానే పొరలు పొరలుగా చొక్కా మీద రాలతాయి. ట్యూషన్ అయ్యాక స్నేహితులతో సగం సగం పంచుకుని తిన్నవాళ్లకి ఆ రుచి ఎప్పటికీ గుర్తుంటుంది.

నమస్తే అండీ. ఈరోజు ఆ ఎగ్ పఫ్‌ని ఇంట్లో చేద్దాం. రెడీమేడ్ షీట్ కొనకుండా, మైదా కలపడం దగ్గర్నుంచి. లోపల పెట్టే మసాలా గురించి మీకు నేను పెద్దగా చెప్పక్కర్లేదు, ఉల్లిపాయలు వేయించడం మనందరికీ వచ్చు. కష్టమంతా పొరల దగ్గరే. ఆ పొరలు రావాలంటే ఒక్కటే షరతు: ఓవెన్‌లోకి వెళ్లేదాకా బటర్ కరగకూడదు. ఈ వీడియోలో నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

[దృశ్యం: మడత కాజాని చేత్తో విరవడం, పొరలు దగ్గరగా]

ముందు ఈ కాజా చూడండి. తాపేశ్వరం మడత కాజా. మైదాని పల్చగా వత్తి, మీద కొవ్వు రాసి, చుట్ట చుట్టి, కోసి, మళ్లీ వత్తి నూనెలో వేయిస్తారు. పొరకీ పొరకీ మధ్య కొవ్వు ఉంది కాబట్టి పిండి పిండికి అతుక్కోదు, నూనెలో పడగానే విచ్చుకుంటుంది. పఫ్ సూత్రం కూడా ఇదే. కాకపోతే పఫ్‌లో కొవ్వుని రాయం, పలకలా పరుస్తాం. పరిచి మడతపెడతాం, వత్తుతాం, మళ్లీ మడతపెడతాం.

ఓవెన్ వేడి తగలగానే పిండిలో ఉన్న నీళ్లు, బటర్‌లో ఉన్న నీళ్లు ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. అంటే ఒక్క టీస్పూను నీళ్లు, 5 మిల్లీలీటర్లు, పూర్తిగా ఆవిరైతే దాదాపు 8 లీటర్లు. చిన్న బిందెడు! ఆ ఆవిరి బయటికి పోదామని తోస్తుంటే, మధ్యలో కొవ్వు పొర అడ్డుగా ఉండటం వల్ల ఒక్కో పిండి పొరా పైకి లేస్తుంది. బేకింగ్ పౌడర్ లేదు, ఈస్ట్ లేదు. పొంగించేది ఆవిరి ఒక్కటే.

ఇప్పుడు బటర్ ఓవెన్‌కి ముందే కరిగిందనుకోండి. పిండి దాన్ని పీల్చేసుకుంటుంది. పొరలన్నీ కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. అది కాలితే బిస్కెట్ అవుతుంది గానీ పఫ్ కాదు.

నేను మొదటిసారి చేసింది మే నెల మధ్యాహ్నం. బటర్ 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. బయటే 40 దాటిన రోజు, వంటింట్లో ఓవెన్ కూడా వేసి పెట్టుకుని బటర్ మడతలు వేశాను. పైగా వేడి వేడి మసాలా పెట్టాను. ట్రే బయటికి తీసేసరికి అడుగున బటర్ మడుగు కట్టి ఉంది, పఫ్‌లు అందులో పూరీల్లా వేగుతున్నాయి. మూడు గంటల పని. చాలా బాధేసింది. అందుకే మీకు ముందే చెబుతున్నాను, ఎండాకాలమైతే పొద్దున్నే అయిదున్నరకి మొదలుపెట్టండి, లేదంటే రాత్రి భోజనాలయ్యాక మడతలు వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాడు కాల్చండి. చలికాలంలో ఈ టెన్షన్ ఉండదు.

మరి బేకరీల్లో భట్టీ పక్కనే నిలబడి ఎండాకాలంలోనూ ఎలా చేస్తున్నారని మీకు అనిపించవచ్చు. చాలా చోట్ల వాళ్లు వాడేది బటర్ కాదు, పఫ్‌ల కోసమే తయారుచేసే మార్గరీన్, అంటే నూనెలతో చేసే బటర్ లాంటి కొవ్వు. అది ఒంటి వేడికి కూడా పూర్తిగా కరగదు. చేసేవాళ్లకి అది సుఖమే, కానీ తిన్నాక అంగిలికి జిడ్డు పూతలా పట్టుకునేది కూడా అదే. ఇలాంటి కొవ్వుల్లో గుండెకి చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది, అది మంచి మాట. అయినా ఇంట్లో చేస్తున్నప్పుడు, అదీ పిల్లల కోసం, నేను బటరే వాడతాను. బటర్ నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. ఆ రుచి కోసం చల్లదనం విషయంలో పడే శ్రమకి నాకు అభ్యంతరం లేదు.

[దృశ్యం: గట్టు మీద కొలిచి పెట్టుకున్న సరుకులు]

300 గ్రాముల మైదా. రెండు టేబుల్ స్పూన్ల నెయ్యి. ఒక టీస్పూను నిమ్మరసం. ఐసు వేసి చల్లబరిచిన నీళ్లు సుమారు 150 మిల్లీలీటర్లు. పావు టీస్పూను ఉప్పు చాలు, ఎందుకంటే షాపులో దొరికే పసుపు బటర్‌లో ఉప్పు ఉంటుంది. ఆ బటర్ 100 గ్రాముల ప్యాకెట్లు రెండు. ఇంట్లో చిలికిన వెన్న దీనికి వద్దండి. అందులో నీరు ఎక్కువ, మెత్తగా ఉంటుంది, మడత వేస్తుంటే పక్కలకి జారిపోతుంది. ఆ వెన్న కాచి నెయ్యి చేసుకోండి, కమ్మగా ఉంటుంది.

మైదాలో నెయ్యి వేసి వేళ్లతో రుద్దండి. నిమ్మరసం, ఉప్పు, చల్లటి నీళ్లు వేసి ముద్ద చేయండి. చపాతీ పిండిలా నున్నగా వచ్చేదాకా పిసక్కండి, ముద్దగా కలిస్తే చాలు. ఎక్కువ పిసికితే పిండి రబ్బరులా సాగి, వత్తిన ప్రతిసారీ వెనక్కి లాక్కుంటుంది. నిమ్మరసం ఆ సాగుడుని కాస్త తగ్గిస్తుంది. మూత పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

ఈలోపు బటర్. ప్యాకెట్లు రెండూ బటర్ పేపర్ మధ్య పక్కపక్కన పెట్టి అప్పడాల కర్రతో కొట్టండి. నెమ్మదిగా, గట్టిగా. 15 సెంటీమీటర్ల చదరం కావాలి, అంటే జానెడు కంటే తక్కువ, సెంటీమీటరు మందం.

[దృశ్యం: దగ్గరగా, బటర్ పలకని రెండు చేతులతో కొంచెం వంచడం]

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. పలకని ఇలా వంచుతున్నాను. విరగకుండా తోలు ముక్కలా వంగుతోంది కదా. వేలు పెట్టి నొక్కితే గుంట పడుతోంది గానీ వేలికి అంటుకోవడం లేదు. ఇదే మనకి కావలసిన పదును. వంచగానే టక్కున విరిగితే మరీ చల్లగా ఉందని అర్థం, పిండిలో పెట్టి వత్తినప్పుడు లోపల ముక్కలు ముక్కలై పొరల్లో ఖాళీలు వస్తాయి. అయిదు నిమిషాలు బయట ఉంచండి. పైన తడి మెరుపు కనిపిస్తే కరగడం మొదలైంది, వెంటనే ఫ్రిజ్‌లోకి. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే మిగతాదంతా వచ్చేసినట్టే.

వత్తే గట్టు కూడా చల్లగా ఉండాలి. గ్రానైట్ గట్టు మీద ఐసు ముక్కలు పోసిన స్టీలు పళ్లెం పది నిమిషాలు ఉంచి తీసేసి, పొడిబట్టతో తుడవండి. ఫ్యాన్ వేసుకోండి.

పిండిని 16 సెంటీమీటర్ల వెడల్పు, 32 పొడవు వత్తి, సగం మీద బటర్ పలక పెట్టి, మిగతా సగం దుప్పటిలా కప్పండి. అంచులు నొక్కి మూసేయండి. ఇప్పుడు కర్రతో ముందు అక్కడక్కడా నొక్కి, తర్వాత ఒకే దిక్కుకి పొడుగ్గా వత్తండి, 45 సెంటీమీటర్లు వచ్చేదాకా. పొడిపిండి పైన మిగిలితే బ్రష్‌తో దులపండి. కండువాని మడిచినట్టు మూడు మడతలు వేయండి. ఇది ఒక మడత. ముద్దని పక్కకి తిప్పి మళ్లీ పొడుగ్గా వత్తి, మళ్లీ మూడు మడతలు. రెండు అయ్యాయి.

[దృశ్యం: ముద్ద మీద రెండు వేళ్ల గుంటలు]

ఫ్రిజ్‌లో పెట్టే ముందు మీద రెండు వేళ్లతో రెండు గుంటలు పెట్టండి. ఎన్ని మడతలయ్యాయో మర్చిపోకుండా వంటవాళ్లు పెట్టుకునే గుర్తు ఇది. అరగంట తర్వాత ఇంకో రెండు మడతలు, నాలుగు గుంటలు, మళ్లీ అరగంట.

ఒక బటర్ పొర మొదటి మడతకి 3 అవుతుంది, తర్వాత 9, 27, నాలుగో మడతకి 81. ఫ్రెంచి పద్ధతిలో ఆరు మడతలు వేస్తారు, 729 పొరలు. మన వంటింటి వేడికి నాలుగే మంచివని నా అభిప్రాయం. అయిదోది, ఆరోది వేసేసరికి బటర్ మెత్తబడి పొరలు కలిసిపోయే ప్రమాదం ఎక్కువ. 81 పొరలు కంటికీ నోటికీ చాలు. మధ్యలో ఎక్కడైనా పిండి పైకి బటర్ తేలితే అక్కడ చిటికెడు మైదా అద్ది, ముద్దని ఫ్రిజ్‌లోకి పంపేయండి. తొందరపడకండి.

మసాలాకి వద్దాం. ఆరు పఫ్‌లకి నాలుగు పెద్ద ఉల్లిపాయలు, సన్నగా పొడుగ్గా తరిగి. నూనెలో జీలకర్ర, కరివేపాకు, మూడు పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి, అర టీస్పూను గరం మసాలా, చివర్లో కొత్తిమీర. టమాటా వేయను. నీరు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. గరిటెతో పక్కకి జరిపితే గిన్నె అడుగున తడి కనిపించకూడదు. దించాక వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా వద్దు. గుడ్లు మూడు, పది నిమిషాలు ఉడికించి చల్లార్చి నిలువుగా సగానికి కోసి పెట్టుకోండి.

గుడ్డు తిననివాళ్లకి బంగాళాదుంప, క్యారెట్, బఠానీ కూర పెట్టుకోవచ్చు. దుంపలు ఉడికాక నీరు వంచేసి, ఖాళీ గిన్నెలో రెండు నిమిషాలు పొయ్యి మీద ఉంచి తడి ఆరబెట్టండి. ఖీమా అయితే నూనె తేలేదాకా కాదు, పొడిపొడిగా అయ్యేదాకా వేయించాలి.

[దృశ్యం: పిండి కోయడం, దగ్గరగా కత్తి అంచు]

ముద్దని సగం చేసి ఒకటి ఫ్రీజర్‌లో పెట్టేయండి, నెల దాకా ఉంటుంది. రెండో సగాన్ని 24 బై 32 సెంటీమీటర్లు వత్తండి, మందం 4 మిల్లీమీటర్లు ఉంటుంది. నాలుగు పక్కలా అంచు సన్నగా కోసేయండి. అంచుల్లో పొరలు నొక్కుకుపోయి ఉంటాయి, అవి పైకి లేవనివ్వవు. కత్తి పదునుగా ఉండాలి, నిలువుగా దించాలి. లాగితే పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆరు ముక్కలు వస్తాయి. ఒక్కోదాని మధ్యలో చెంచాన్నర మసాలా, దాని మీద అర గుడ్డు, పచ్చసొన వైపు కిందికి. ఎదురెదురు మూలలు రెండూ తెచ్చి ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో నీటి చుక్క అద్ది నొక్కండి. పైన గుడ్డు సొన బ్రష్‌తో రాయండి, వెజ్ పఫ్‌కైతే పాలు. కోసిన అంచుల మీదికి మాత్రం సొన కారనివ్వకండి. అది జిగురులా పట్టేసి పొరల్ని కట్టేస్తుంది.

ట్రేతో సహా 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. అదే సమయంలో ఓటీజీని, అంటే మన చిన్న కరెంటు ఓవెన్‌ని, పైన, కింద రెండు రాడ్లూ వేసి 220 డిగ్రీలకి వేడి చేసుకోండి. గడ్డకట్టినంత చల్లటి పిండి బాగా కాగిన ఓవెన్‌లోకి వెళ్లాలి. బటర్ కారిపోయే లోపే ఆవిరి పుట్టాలన్నమాట. 15 నిమిషాలు 220లో, తర్వాత 190కి తగ్గించి ఇంకో 12 నుంచి 15 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తీయకండి. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే, అంటే ఓవెన్‌లా వేడి గాలితో కాల్చే మోడ్‌లోనే, కాల్చండి, మామూలు మోడ్‌లో పఫ్ కాలదు.

[దృశ్యం: ఓవెన్ గాజులోంచి పఫ్‌లు లేవడం, వేగం పెంచి]

చూశారా, ఎనిమిదో నిమిషానికి పక్కన పొరలు పుస్తకం పేజీల్లా విడుతున్నాయి. రంగు లేత బంగారంలా ఉన్నప్పుడే తీసేయకండి, లోపల పచ్చిగా ఉంటుంది. ముదురు తేనె రంగు రావాలి, అడుగు కూడా కాలాలి. ఒకటి ఎత్తి చూడండి, అరచేతిలో చాలా తేలిగ్గా అనిపించాలి. తీసి జాలీ మీద పెట్టండి. పళ్లెంలో పెడితే కింది ఆవిరికి అడుగు మెత్తబడిపోతుంది.

మిగిలినవి మర్నాడు తినాలంటే ఓవెన్‌లో 170 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు వేడి చేయండి, లేదా మందపాటి పెనం మీద సన్న సెగన. మైక్రోవేవ్‌లో పెడితే పొరలు మెత్తబడిపోతాయి.

ఇక కోసి పక్కన పెట్టిన అంచులు. వాటిని పారేయకండి, ముద్దగా కూడా పిసక్కండి. ఒకదాని మీద ఒకటి పేర్చి, కర్రతో ఒక్కసారి వత్తి, వేలెడు ముక్కలు కోసి, పైన జీలకర్ర చల్లి అదే ఓవెన్‌లో 190లో కాల్చండి. హైదరాబాద్ ఇరానీ కేఫ్‌ల్లో చాయ్‌తో ఇచ్చే ఖారీ బిస్కెట్ ఇలాంటి పొరల పిండితో చేసేదే. పఫ్‌లు చల్లారేలోపు ఇవి తయారవుతాయి, ఈలోపు చాయ్ పెట్టేయండి.