స్నానాల గదిలోకి వచ్చిన ఫోన్

శ్రోతలకు నమస్కారం.

స్టీఫెన్ కింగ్ నవల ‘కేరీ’ని బ్రయాన్ డి పాల్మా 1976లో సినిమాగా తీశారు. మొదట్లోనే ఒక సన్నివేశం. అమెరికాలో ఒక హైస్కూలు. ఆటల పీరియడ్ అయ్యాక ఆడపిల్లలంతా స్నానాల గదిలో ఉంటారు. కేరీకి అక్కడే మొదటిసారి నెలసరి వస్తుంది. మన ఇళ్లలో పిల్ల పెద్దమనిషి అయిందని ఊరందరినీ పిలిచి భోజనాలు పెడతాం. ఆ పిల్లకు మాత్రం కన్నతల్లి ఒక్క ముక్క చెప్పలేదు. చచ్చిపోతున్నానేమో అనుకుని తోటి పిల్లలను పట్టుకుని ఏడుస్తుంది. వాళ్లు ప్యాడ్లు విసిరికొడుతూ గేలి చేస్తారు.

ఇదే కథను 2013లో కింబర్లీ పియర్స్ మళ్లీ తీశారు. గది అదే, గేలీ అదే. కాకపోతే ఈసారి క్రిస్ అనే అమ్మాయి ఫోన్ బయటికి తీస్తుంది. వీడియో తీసి ఇంటర్నెట్లో పెడుతుంది. పాత సినిమాలో ఆ అవమానాన్ని కళ్లారా చూసింది ఆ గదిలో ఉన్నవాళ్లే. కొత్తదాంట్లో ఎంతమంది చూశారో కేరీకి ఎప్పటికీ తెలియదు. చివర్లో స్కూలు పార్టీలో ఆమె నెత్తిన పందిరక్తం కుమ్మరిస్తారు, పెద్ద తెర మీద ఆ పాత వీడియో వేస్తారు. రక్తం నాకు సినిమా రంగులాగే కనిపించింది. వీడియో అలా అనిపించలేదు.

2014 నాటి ‘అన్‌ఫ్రెండెడ్’లో ఇక ఫోన్లు, కంప్యూటర్లే లోకం. దాదాపు సినిమా అంతా బ్లేర్ అనే అమ్మాయి ల్యాప్‌టాప్ తెర మీదే నడుస్తుంది. లారా అనే అమ్మాయిని అవమానించే వీడియో ఒకటి బయటికి వస్తుంది, ఆమె తన ప్రాణం తానే తీసుకుంటుంది. ఏడాది తిరిగాక స్నేహితులు స్కైప్‌లో కబుర్లాడుకుంటుంటే లారా అకౌంటు నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు.

చావులు బాగానే ఉన్నాయి గానీ, దెయ్యంతో నాకు పేచీ ఉంది. చచ్చిపోయిన పిల్ల తిరిగొచ్చి పగ తీర్చుకుంటే చూసేవాళ్లకు లెక్క సరిపోయినట్టుంటుంది. నన్ను పట్టుకున్నది అది కాదు. బ్లేర్ ఒక మాట టైప్ చేస్తుంది, ఆగుతుంది, చెరిపేస్తుంది, మెత్తగా ఇంకో మాట పంపుతుంది. పంపింది స్నేహితులకు కనిపిస్తుంది, చెరిపింది మనకు మాత్రమే కనిపిస్తుంది.

ఆ వీడియో ఎవరు తీశారన్నది సినిమా చివరిదాకా దాస్తుంది. ఆఖర్న కెమెరా వెనక్కి తిరుగుతుంది. అక్కడ నవ్వుతూ ఉన్నది బ్లేరే, లారాకు ఒకప్పటి ప్రాణస్నేహితురాలు.