మిడిల్స్‌బరో పచ్చికలో ఒక ఉత్తర కొరియా గోల్

బావ: నమస్తే అండీ, మళ్లీ మేమే, బావాబామ్మర్దులం. ఈ ఎపిసోడ్ ఉత్తర కొరియా ఫుట్‌బాల్ టీమ్ మీద. వీడు పది రోజుల నుంచి ఒకటే పోరు.

బామ్మర్ది: పోరెట్టక ఏం చెయ్యమంటావ్ బావా? 2019 అక్టోబర్ 15న ప్యాంగ్యాంగ్‌లో వరల్డ్ కప్ క్వాలిఫయర్, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా మధ్య. మామూలుగా అయితే ఊళ్లకు ఊళ్లు టీవీల ముందే ఉండాలి. ఇక్కడేమో స్టేడియం మొత్తం ఖాళీ, లైవ్ లేదు, విదేశీ విలేకరులు లేరు. సియోల్‌లో ఉన్నవాళ్లకి స్కోరు ఎలా తెలిసిందో చెప్పు?

బావ: మ్యాచ్ కమిషనర్ మలేషియాలో ఉన్న ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అదే ఏఎఫ్‌సీ ఆఫీసుకి చెప్తే, వాళ్లు సియోల్‌కి చెప్పారు. పక్కింట్లో పెళ్లి కబురు దుబాయ్ నుంచి ఫోన్‌లో వచ్చినట్టు.

బామ్మర్ది: చివరికి స్కోరేమో 0-0! తర్వాత మ్యాచ్ డీవీడీ ఒకటి దక్షిణ కొరియా వాళ్ల చేతిలో పెట్టి పంపారు, అది కూడా టీవీలో వేసే క్వాలిటీ లేదని వదిలేశారు. దక్షిణ కొరియా కెప్టెన్ సన్ హ్యూంగ్ మిన్ అయితే దెబ్బలు తగలకుండా తిరిగొచ్చాం, అదే చాలన్నట్టు మాట్లాడాడు.

బావ: నువ్వు కొస నుంచి మొదలుపెట్టావ్ రా. 1966లో ఇంగ్లండ్‌లో జరిగిన వరల్డ్ కప్‌కి రా, అసలు మజా అక్కడుంది. అప్పట్లో ఫిఫా ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా మూడింటికీ కలిపి ఒక్క బెర్త్ ఇచ్చింది. ఆఫ్రికా దేశాలు మండిపడి మొత్తంగా తప్పుకున్నాయి, దక్షిణ కొరియా కూడా వద్దనుకుంది, మిగిలింది ఉత్తర కొరియా, ఆస్ట్రేలియా. వీళ్లిద్దరికీ కూడా ఆడుకోవడానికి చోటు కుదరలేదు, ఎందుకంటే ఉత్తర కొరియాతో సంబంధాలున్న దేశాలే తక్కువ. కంబోడియా అధినేత సిహనూక్ సరే మా ఊళ్లో ఆడుకోండి అన్నాడు. అంతేకాదు, జనాన్ని రెండు భాగాలు చేసి సగం మంది వీళ్లకి, సగం మంది వాళ్లకి కేకలు వెయ్యమన్నాడు!

బామ్మర్ది: చప్పట్లకి కూడా డ్యూటీ వేశాడన్నమాట.

బావ: రెండు మ్యాచ్‌లూ ఉత్తర కొరియావే, 6-1, 3-1. ఆస్ట్రేలియా ఇంటికి. ఇప్పుడు ఇంగ్లండ్‌కి తలనొప్పి మొదలైంది, వాళ్లు ఆ దేశాన్నే గుర్తించలేదు, పైగా కొరియా యుద్ధంలో తమ సైనికులు అక్కడ ఉత్తర కొరియా మీద పోరాడి వచ్చి పదమూడేళ్లే అయింది. రానివ్వకపోతే ఫిఫాతో గొడవ, రానిస్తే జెండా, జాతీయ గీతం పేచీ. ఆఖరికి గీతాలు మొదటి మ్యాచ్‌కీ ఫైనల్‌కీ మాత్రమే అని ఒక తెలివైన రూల్ పెట్టారు. వీళ్లు ఫైనల్‌కి వస్తారని ఎవరనుకుంటారు!

బామ్మర్ది: సోవియట్ చేతిలో 3-0తో ఓడిపోయారు కదా ముందు.

బావ: అవును. కానీ వీళ్ల మ్యాచ్‌లు జరిగిన మిడిల్స్‌బరో అనే ఇంగ్లండ్ ఊరి జనానికి వీళ్లు నచ్చేశారు. అది ఫ్యాక్టరీల ఊరు, వాళ్ల సొంత క్లబ్‌ది ఎర్ర జెర్సీ, వీళ్లదీ ఎరుపే. సగటున అయిదున్నర అడుగులు కూడా లేని మనుషులు ఆపకుండా పరిగెడుతుంటే ఎవరికి ముచ్చట వెయ్యదు? చిలీ మీద ఓటమి ఖాయం అనుకుంటుంటే 88వ నిమిషంలో పాక్ సుంగ్ జిన్ కొట్టి 1-1 చేశాడు. తర్వాత జూలై 19న ఇటలీ. వాళ్ల బుల్గరెల్లి మోకాలి దెబ్బతో బయటికెళ్లాడు, అప్పుడు సబ్‌స్టిట్యూట్‌లు లేవు కాబట్టి ఇటలీ పదిమందే. 42వ నిమిషంలో పాక్ దూ ఇక్. 1-0, అంతే. ఇటలీ వాళ్లు స్వదేశంలో దిగితే టమాటాలతో స్వాగతం.

బామ్మర్ది: పదిమంది మీద గెలిచారులే అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు బావా.

బావ: ఉంటారు. మరి పోర్చుగల్ పదకొండు మందీ ఉన్నారుగా, పాతిక నిమిషాల్లో ఉత్తర కొరియా 3-0 ఆధిక్యంలోకి ఎలా వెళ్లింది? క్వార్టర్ ఫైనల్ అది, లివర్‌పూల్‌లో గుడిసన్ పార్క్. మిడిల్స్‌బరో నుంచి వేలమంది వీళ్ల కోసం వెళ్లారు. ఇక ఆ ఆధిక్యం కాపాడుకోవాలనే ఆలోచనే లేదు, అందరూ ముందుకే! పోర్చుగల్ స్టార్ యూసేబియో మొదటి గోల్ కొట్టి, సంబరం చేసుకోకుండా నెట్‌లోంచి బంతి తీసుకుని సెంటర్‌కి పరుగెత్తాడు. ఒక్కడే నాలుగు కొట్టాడు. పోర్చుగల్ 5-3తో గెలిచింది.

బామ్మర్ది: ఆ వీడియో చూసిన ప్రతిసారీ ఈసారైనా గెలుస్తారేమో అనిపిస్తుంది, పిచ్చి కదా. మరి తిరిగెళ్లాక లేబర్ క్యాంపుల్లో పడేశారంటారే?

బావ: ఆ కథ ఎప్పటి నుంచో తిరుగుతోంది. కానీ 2002లో ఏడుగురు ఆటగాళ్లు మిడిల్స్‌బరో వచ్చి వెళ్లారు. 2008లో ప్యాంగ్యాంగ్‌లో ఒలింపిక్ జ్యోతి పట్టుకుని మొదట పరుగెత్తింది పాక్ దూ ఇక్కే.

బామ్మర్ది: అదే 2008లో ఉత్తర కొరియా మన హైదరాబాద్‌లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఆడింది బావా, తెలుసా? కప్పు ఇండియాదే, వాళ్లకి మూడో స్థానం. అది జరిగిన రెండేళ్లకే వాళ్లు వరల్డ్ కప్‌లో బ్రెజిల్ మీద గోల్ కొట్టారు! మనమేమో...

బావ: ఆ పుండు కెలక్కు. ఆ 2010 వరల్డ్ కప్‌లోనే ఇంకో తమాషా, కిమ్ మ్యోంగ్ వోన్ అని ఫార్వర్డ్‌ని మూడో గోల్‌కీపర్‌గా రాయించారు, ఒక అటాకర్ ఎక్కువొస్తాడని. ఫిఫా ఏమో రాసిన చోటే ఆడాలి, గోల్‌లోనే నిలబడాలి అంది. పాపం బెంచీ మీదే గడిచిపోయింది.

బామ్మర్ది: బ్రెజిల్‌తో 2-1 ఓటమి, పర్వాలేదనిపించింది. దాంతో పోర్చుగల్ మ్యాచ్‌ని వాళ్ల దేశంలో లైవ్ ఇచ్చారు.

బావ: ఇవ్వక ఇవ్వక ఇస్తే 7-0.

బామ్మర్ది: అయ్యో. సరే, 1966 గోల్ పడిన ఆ గ్రౌండ్ ఇంకా ఉందా?

బావ: మిడిల్స్‌బరోలో ఆ ఏర్‌సమ్ పార్క్ స్టేడియం లేదు రా, పడగొట్టి ఇళ్లు కట్టేశారు. కాకపోతే పాక్ దూ ఇక్ బంతి కొట్టిన చోట, ఒక ఇంటి ముందు పచ్చికలో, కంచుతో పోతపోసిన బూటు గుర్తు ఒకటి పెట్టారు. గడ్డి పెరిగితే వెతుక్కోవాల్సిందే.