తిరుపతి పాతవీధులు: వాహనాలు, వేషాలు

సభకు నమస్కారం.

తిరుపతి చరిత్ర అనగానే అందరం తలెత్తి కొండవైపు చూస్తాం. నేనివాళ కిందనే ఉండి, గోవిందరాజస్వామి గుడి చుట్టూ అల్లుకున్న పాతవీధుల గురించి మాట్లాడతాను.

1130లో రామానుజులవారు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని సంప్రదాయం. గుడిచుట్టూ అగ్రహారం, దాన్ని ఆనుకుని అంగళ్లు, అలా ఊరు పెరిగింది. బయటి గాలిగోపురం 17వ శతాబ్దంలో మట్లి అనంతరాజు కట్టించింది. 1886లో మున్సిపాలిటీ, 1891లో రైలు వచ్చాయి. స్టేషన్ గుడికి కూతవేటు దూరమే కాబట్టి, బండి దిగిన యాత్రికుడు నేరుగా ఈ వీధుల్లోకే వచ్చాడు. ఇళ్లవాళ్లు మొదట తిన్నెమీద పడుకోనిచ్చారు. తర్వాత ముందుగది అద్దెకిచ్చారు. చివరికి ఇల్లే లాడ్జి అయింది. వాళ్లను తప్పుపట్టను, ఆ స్థలంలో మనముంటే మనమూ అదే చేసేవాళ్లం.

అయినా ఈ వీధుల అసలు స్వభావం తెలియాలంటే మే నెలలో రావాలి. ఎండకు భయపడితే లాభం లేదు. ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక, అది ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని కట్టుబాటు. జాతర రోజుల్లో భక్తులు రోజుకో వేషం కడతారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంసుద్ద, తోటి, అంటే ఊరి సేవకుడి వేషానికి బొగ్గుపొడి. బండవేషం నాడైతే ఎవరినైనా నోరారా తిట్టొచ్చు, తిట్లు తిన్నవాళ్లు నవ్వుతూ పోవాల్సిందే. ఈ వేషాల వెనక ఒక కథ ఉంది. ఆడవాళ్లను వేధించిన పాలెగాడు అమ్మవారికి జడిసి దాక్కుంటే, ఆమె రోజుకో వేషంలో వెతికిందట. దొరవేషంలో వస్తే, దొరగారేమోనని వాడు బయటికొచ్చాడు. తల తెగింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా! చంపినావిడే పరామర్శకు వెళ్లే కథ నాకు ఇంకెక్కడా తగల్లేదు.

గంగమ్మ వెంకన్నకు చెల్లెలని ఇక్కడి నమ్మకం. జాతరకు కొండమీది నుంచి సారె వస్తుంది. ఇంచుమించు అదే ఎండల్లో, వైశాఖంలో, గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. గరుడ వాహనానికి కర్పూరం వెలిగించిన చేతులే వేషగాళ్లకు వాకిట్లో నీళ్లు పోస్తాయి. ఇందులో ఇక్కడివాళ్లకు వింతేమీ లేదు.

మీలో ఈ వీధులవాళ్లు ఉంటే చిన్న మనవి. ఇల్లు పడగొట్టి కట్టేముందు తిన్నెను, వాకిలిని ఫోటో తీసిపెట్టండి. పాత దస్తావేజులు కూడా పారేయొద్దు. నాలుగు దిక్కుల సరిహద్దులు రాసిన ఆ కాగితాల్లో, ఒకప్పుడు పక్కింట్లో ఎవరుండేవారో దొరుకుతుంది.