వయసు మీద వేసిన నింద

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించండి.

'పిల్లలకైతే ఇట్టే వచ్చేస్తుంది, ఈ వయసులో మనకేం వస్తుందండీ!' కొత్త భాష గురించి ఈ మాట ఎన్నడూ అననివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తరని తెలుసు.

నెదర్లాండ్స్‌కు కొత్తగా వెళ్లిన ఇంగ్లిష్‌వాళ్లు డచ్ ఎలా నేర్చుకున్నారో స్నో, హూఫ్‌నాగెల్-హోలె అనే పరిశోధకులు పరిశీలించి 1978లో ప్రచురించారు. మొదటి నెలల్లో ముందున్నది 12-15 ఏళ్లవాళ్లూ, పెద్దవాళ్లూ. అందరికన్నా వెనకబడింది 3-5 ఏళ్ల పిల్లలు! ఏడాది తిరిగేసరికి 8-10 ఏళ్లవాళ్లు పుంజుకున్నారు. యాస పట్టుబడటంలో చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లదే పైచేయి, అదీ కాదనను. కానీ 'పెద్దవాళ్లకు రాదు' అన్న తీర్పు ఎక్కడిది?

నేను చూసింది చెబుతాను. పెద్దవాళ్ల సాయంత్రం క్లాసులో నా పక్కన ఒక రిటైరైన పెద్దాయన కూర్చునేవారు. డాక్టరుతో తనే మాట్లాడుకోవాలని ఆయన కోరిక. ఒకరోజు లేచి నిలబడి, 'నిన్న మెట్లు దిగుతాను, మోకాలు...' అన్నారు. 'నిన్న అంటే భూతకాలం!' అని మాస్టారు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఉచ్చారణ దగ్గర ఆపారు. మూడోసారి ఆయన మొదలుపెట్టనే లేదు. పెన్నుకు మూత పెట్టి, జేబుకు తగిలించుకుని కూర్చున్నారు. మెట్ల మీద ఏమైందో మాకెవరికీ తెలియలేదు. తర్వాతి వారం ఆయన రాలేదు. 'వయసైపోయింది కదా, కష్టం' అన్నారు మాస్టారు. వయసా అండీ! మూడేళ్ల పిల్లాడు ఇలా తప్పుగా మాట్లాడితే ముద్దుచేస్తాం, మళ్లీ చెప్పమంటాం. అరవై ఏళ్లాయన్ని క్లాసులో నిలబెట్టి సరిదిద్దుతాం. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1967లోనే పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త చెప్పాడు, నేర్చుకునేవాడి తప్పుల్లో ఒక పద్ధతి ఉంటుందని, అతను ఎంతవరకు వచ్చాడో అవే చూపిస్తాయని. అలాగని దిద్దొద్దనడం లేదు. వింటూ ఉంటే అదే వచ్చేస్తుందనేది ఇంకో నమ్మకం. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లో పాఠాలు విన్న ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు బాగా అర్థమయ్యేది, మాట్లాడితే మాత్రం వ్యాకరణం తప్పేది. మాట్లాడే అవసరం కల్పించాలని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో వాదించింది అందుకే.

దిద్దండి, కానీ మాట పూర్తవనివ్వండి. ముందు మోకాలి సంగతి అడగండి, భూతకాలం ఎక్కడికీ పోదు. ఇక్కడ భాషా టీచర్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి, పోట్లాడటానికైనా సరే.