మిసెస్ మోట్లీ

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ హేవెన్ అనే ఊరుంది. యేల్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. నల్లజాతి వారి కోసం అక్కడ ఒక కమ్యూనిటీ హాలు కట్టారు. ఇంత మంచి భవనం ఉంటే మీవాళ్లు ఎక్కువగా ఎందుకు రావడం లేదని ఒకరోజు మీటింగు పెట్టి అడిగారు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె లేచింది. దీన్ని నడిపేది అంతా యేల్ వాళ్లే, ఇందులో మా మాటకు చోటు లేదు, ఇక మావాళ్లకు ఇది మాది అని ఎలా అనిపిస్తుంది అంది.

ఆ అమ్మాయి పేరు కాన్‌స్టన్స్ బేకర్. 1921లో పుట్టింది. అమ్మానాన్నలు కరీబియన్ సముద్రంలోని నెవిస్ అనే చిన్న దీవి నుంచి వచ్చినవాళ్లు. పన్నెండు మంది పిల్లల్లో ఈమె తొమ్మిదో సంతానం. నాన్న యేల్ విద్యార్థుల క్లబ్బుల్లో వంట చేసేవాడు. లాయర్ కావాలని అమ్మాయికి కోరిక, కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేదు. ఆ రోజు ఆమె మాటలు విన్నవారిలో క్లారెన్స్ బ్లేక్స్‌లీ అనే తెల్లజాతి ధనికుడున్నాడు. తర్వాత పిలిపించి, నీ చదువు ఖర్చంతా నాది అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. 1946లో కొలంబియా లా స్కూలు నుంచి పట్టా పుచ్చుకునే దాకా ఫీజులు కట్టాడు.

చదువు పూర్తికాకముందే, 1945లో, థర్‌గుడ్ మార్షల్ దగ్గర పనిలో చేరింది. నల్లజాతి వారి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే లాయర్ల బృందానికి ఆయన పెద్ద. 1946లోనే జోయెల్ మోట్లీతో పెళ్లయింది. అప్పటి నుంచి ఆమె మిసెస్ మోట్లీ. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది కదా, ఆ బ్రౌన్ కేసులో మొదటి ఫిర్యాదు పత్రం రాసింది ఆమే.

మిసెస్ అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీని తెల్లవాళ్లు మిసెస్ అని పిలిచేవారు కాదు. ఉత్త పేరు పెట్టి పిలవడమే. మిసిసిపీ పత్రికలు ఈవిడ గురించి ‘ఆ మోట్లీ ఆడది’ అని రాసేవి. ఎదుటి మనిషి పేరు పక్కన గారు అనడానికి నోరు రాకపోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆవిడ వాదిస్తుంటే వీపు తిప్పి కూర్చున్న జడ్జీలు కూడా ఉన్నారు. ఆ ఊళ్లలో హోటల్లో గది ఇచ్చేవాళ్లు లేరు. ఎవరో ఒకరి ఇంట్లో తలదాచుకుంటూ కేసులు నడిపేది.

1961లో జేమ్స్ మెరెడిత్ అనే యువకుడు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో సీటుకు దరఖాస్తు పెట్టాడు. నల్లజాతి వాడని తెలిశాక రానివ్వలేదు. మార్షల్ ఆ కేసు ఈవిడకు అప్పగించాడు. ఆ ప్రాంతంలో మగ లాయరుకు ఉండే ప్రమాదం ఆడ మనిషికి కొంచెం తక్కువ ఉంటుందని ఆయన లెక్క. కింది కోర్టులో ఓడింది. అప్పీలు కోర్టులో గెలిచింది. చివరికి సుప్రీం కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈ ఒక్క కేసు కోసం న్యూయార్క్ నుంచి మిసిసిపీకి ఇరవై రెండు సార్లు వెళ్లి వచ్చింది. అక్కడ ఆవిడకు తోడుగా ఉన్నవారిలో ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఒకడు. 1962 సెప్టెంబరు 30 రాత్రి విశ్వవిద్యాలయంలో అల్లర్లు జరిగాయి, ఇద్దరు చనిపోయారు. మర్నాడు మెరెడిత్ చేరాడు. ఆ తర్వాతి జూన్‌లో ఎవర్స్‌ని సొంత ఇంటి ముందే కాల్చి చంపారు.

1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో హక్కుల ఊరేగింపుల్లో పాల్గొన్నారని 1,081 మంది పిల్లల్ని బడుల నుంచి తీసేశారు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలని మోట్లీ, తోటి లాయర్లు అడిగితే స్థానిక జడ్జి కాదన్నాడు. అదేరోజు పై కోర్టు జడ్జి దగ్గరకు వెళ్లి, పిల్లల్ని వెనక్కి తీసుకోవాలని ఉత్తర్వు సాధించారు.

సుప్రీం కోర్టులో నిలబడి వాదించిన మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే. ఆ కేసు గురించి తక్కువ మందికి తెలుసు, నాకైతే అన్నిటికంటే అదే గుర్తుంటుంది. అలబామాలో హామిల్టన్ అనే నల్లజాతి మనిషికి మరణశిక్ష పడింది. అభియోగం చదివి వినిపించిన రోజున అతని పక్కన లాయరే లేడు. అలబామా చట్టం ప్రకారం కొన్ని వాదనలు ఆ రోజే ఎత్తాలి. మతిస్థిమితం లేదనే వాదన అలాంటిదే. ఆ గడువు దాటితే హక్కుగా అడగలేరు. ప్రాణం పోయే కేసులో ఆ మొదటి రోజున లాయర్ లేకపోతే విచారణ చెల్లదని మోట్లీ వాదించింది. 1961 నవంబరులో తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఔనన్నారు.

తర్వాత కొద్దికాలం రాజకీయాల్లో ఉంది. న్యూయార్క్ రాష్ట్ర సెనేటుకు, న్యూయార్క్ నగరంలో ఒక భాగమైన మన్‌హాటన్ బరో అధ్యక్ష పదవికి ఎన్నికైంది. 1966 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ ఆవిడను న్యూయార్క్‌లోని ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు, జిల్లా కోర్టు జడ్జిగా ప్రతిపాదించాడు. మిసిసిపీ సెనేటర్ ఈస్ట్‌లాండ్ ఆవిడ మీద కమ్యూనిస్టు అని ముద్ర వేసి ఏడు నెలలు ఆపించాడు. ఆగస్టులో ఆమోదం వచ్చింది. ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే.

1975లో ఆమె ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక పేరున్న లా ఫర్మ్ ఆడవాళ్ల పట్ల వివక్ష చూపిస్తోందని ఒక మహిళా లాయర్ వేసిన దావా. ఆ ఫర్మ్ వాళ్లు, మీరు నల్లజాతి స్త్రీ, వివక్షకు గురైనవారి తరఫున వాదించినవారు, మీరు ఈ కేసు వినకూడదు అన్నారు. ఆవిడ తప్పుకోలేదు. నేపథ్యం, జాతి, లింగం కారణాలుగా జడ్జిని తప్పించాలంటే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేడు, ఎందుకంటే ఇక్కడి జడ్జీలందరూ ఒకప్పుడు లాయర్లే, అందరికీ ఒక లింగం ఉంది, అని రాసింది. మగ జడ్జికి కూడా జెండర్ ఉంటుందనే ఇంత సాదా మాట ఒకరు కోర్టు ఉత్తర్వులో రాయాల్సి వచ్చింది చూడండి!

1978లో ఆవిడ ఇంకో తీర్పు ఇచ్చింది. బేస్‌బాల్ ఆటగాళ్ల లాకర్ రూమ్‌లోకి మగ విలేకరుల్ని పంపి మహిళా విలేకరిని ఆపేశారు. స్టేడియం న్యూయార్క్ నగరానిది కాబట్టి రాజ్యాంగం ఇచ్చే సమానత్వం అక్కడా వర్తిస్తుందని తేల్చింది.

లాయరుగా సుప్రీం కోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచింది. ఓడిన ఒక్కటి 1965 నాటి స్వేన్ కేసు. అలబామాలోని తల్లాడేగా కౌంటీలో, జ్యూరీకి, అంటే నేరం తేల్చే మామూలు పౌరుల బృందానికి, ఎంపిక కావాల్సిన ఆరుగురు నల్లజాతి వారినీ కారణం చెప్పకుండానే ప్రాసిక్యూటర్ తీసేశాడు. నల్లజాతి ముద్దాయికి మరణశిక్ష వేసిన ఆ జ్యూరీలో అతని జాతి మనిషి ఒక్కరూ లేరు. ఇది తప్పని ఆవిడ వాదించింది, కోర్టు ఒప్పుకోలేదు. 1986 ఏప్రిల్‌లో, బాట్సన్ కేసులో అదే సుప్రీం కోర్టు, జాతి చూసి జ్యూరర్లను తీసేశారని నిరూపించడానికి స్వేన్ కేసులో పెట్టిన కఠినమైన నిబంధనను కొట్టేసింది. అప్పటికి మిసెస్ మోట్లీ న్యూయార్క్ కోర్టులో ప్రధాన న్యాయమూర్తి, వయసు అరవై నాలుగు.